యాళి నోట్లో ఎర్రమచ్చ

మిక్సీ జార్లు తయారుచేసేవాళ్ళ మీద నాకొక ఫిర్యాదు ఉంది. పెద్దదేమీ కాదు. బ్లేడు కింద పచ్చడి మిగిలిపోతుంది. చెంచా పోదు. వేలు పోతుంది గానీ, పోయిన వేలు పోయినంతా తిరిగి వస్తుందన్న హామీ లేదు. నీళ్ళు పోసి తిప్పితే వస్తుంది, కాకపోతే అప్పుడది పచ్చడి కాదు, పచ్చడి జ్ఞాపకం. ఇంట్లో ఈ మాట ఎత్తితే "అయితే రోట్లో రుబ్బండి" అన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. రుబ్బనూ లేదు.

చెయ్యి చేరని చోట్ల మీద నాకింత పట్టింపు రావడానికి కారణం ఉద్యోగం. ఫిల్మ్ నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో పనిచేస్తాను. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది హీరోల జుట్టు. ఎగరవలసిన చోట ఎగరకపోయినా, అక్కర్లేని చోట ఎగిరినా జవాబుదారీ నాదే. కాలేజీ వర్క్‌షాపులో ఆకురాయి పట్టి ఇనుప ముక్కను చదును చేయలేక నాలుగేళ్ళు తంటాలు పడ్డవాణ్ణి ఇలా తేలానంటే, మా లెక్చరర్లు ఆశ్చర్యపోరు.

నా పక్క సీటు అమ్మాయి మోడలర్. అంటే కంప్యూటర్‌లో బొమ్మలు చెక్కుతుంది. భీమవరం వైపు నుంచి వచ్చింది, యూసుఫ్‌గూడలో వాళ్ళమ్మతో కలిసి అద్దెకుంటుంది. ఈ పరిశ్రమలో పదేళ్ళుగా ఏనుగులూ కోటలూ పడవలూ చెక్కింది. వాటిలో ఒక్కటీ ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవడానికి లేవు కనుక. వాళ్ళమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరుగా రిటైరైన మనిషి. ప్రతి సినిమాకీ కూతురు వెంట వెళ్ళి, "ఇందులో నువ్వు చేసిందేదే?" అని అడిగేది. "అదుగో, ఆ ఏనుగు ఎడమ చెవి" అని ఈమె చూపించేలోపు ఏనుగు వెళ్ళిపోయేది. చర్చిలో ఎవరైనా అడిగితే ఆవిడ, "కంప్యూటర్లో ఏదో చేస్తుందండీ, అయితే అది మనం చూసేలోపే పోతుంది" అని చెప్పేదట.

అలాంటి సమయంలో ఒక రాజుల సినిమాకి యాళి కావలసివచ్చింది. సగం సింహం, సగం ఏనుగు, గుడి స్తంభాల మీద కోరలు తెరుచుకుని ఉంటుందే, అది. స్తంభాలన్నీ థర్మకోల్, ఫైబర్. ఒక్క తల మాత్రం కెమెరాకి దగ్గరగా ఉంటుంది కాబట్టి టేకు మొద్దులోంచి యంత్రంతో చెక్కాలని ఆర్ట్ డైరెక్టర్ నిర్ణయించాడు. హీరోయిన్ ఏదో ఆలోచిస్తూ యాళి నోట్లో గుండుని వేలితో తిప్పుతుందని సీనులో ఉంది.

ఆ గుండు దగ్గర మా పక్క సీటు అమ్మాయి పట్టుబట్టింది. చిన్నప్పుడు స్కూలు విహారయాత్రలో ఒక గుడికి తీసుకెళ్ళారట. రాతి యాళి నోట్లో రాతి గుండు, పళ్ళ మధ్య వదులుగా దొర్లుతోంది, కానీ బయటికి రాదు. విడిగా చేసి పెట్టింది కాదు. అదే రాయిలోంచి, నోట్లో ఉండగానే చెక్కిందట. గైడు ఈమె వేలు పట్టుకుని దాన్ని తిప్పించాడు. పాతికేళ్ళైనా ఆ వేలు ఇంకా చూపిస్తుంది.

"ఇదీ ఒకే చెక్కలోంచి రావాలి. ఒక్కసారి మా అమ్మ చేత తిప్పించాలి. అంతే" అంది.

ఆర్ట్ డైరెక్టర్ నెమ్మదస్థుడు, గోదావరి మనిషి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే మాట్లాడతాడు. "ఎందుకమ్మా అంత శ్రమ? తల రెండు ముక్కలు చేద్దాం, గుండు విడిగా చేద్దాం, మధ్యలో పెట్టి అతికించేద్దాం."

"అతుకు కనబడుతుంది సార్."

"రంగు వేస్తాం కదమ్మా."

"చప్పుడు మారిపోతుంది సార్."

"చప్పుడు డబ్బింగులో వేసుకుంటార్లే."

చివరికి ఆయన నా వైపు తిరిగాడు. మా స్టూడియోలో లేత్ మిషన్‌ని ప్రాణంతో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఏవండీ, ఇది యంత్రంతో అవుతుందో అవదో మీ కంప్యూటరు చెప్పగలదా? శుక్రవారం లోపు అవుతుందంటే చేద్దాం. లేదంటే అతికించేద్దాం."

చెప్పగలదన్నాను. అనేముందు ఆలోచించి ఉండవలసింది.

నా ధైర్యానికి ఆధారం కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు. దానికి తెలిసిన విద్య ఒక్కటే: ఇక్కడ నిలబడి చూస్తే ఏది కనిపిస్తుంది, ఏది దేని వెనక దాక్కుంది. ఈ ఒక్క ప్రశ్నకి అది క్షణంలో లక్షలసార్లు జవాబు చెబుతుంది. హీరో జుట్టులో ఏ వెంట్రుక ముందు, ఏది వెనక అన్నది దానికి నిత్యకృత్యం. నేను చేసిందల్లా కెమెరా ఉండవలసిన చోట చెక్కను తొలిచే యంత్రపు టూల్‌ని ఊహించుకోవడం. టూల్ నిలబడ్డ చోటి నుంచి కనిపించినదల్లా టూల్ నేరుగా వెళ్ళి తాకగలదు. కనిపించనిది తాకలేదు. అయితే చూపుకి లావు లేదు, టూల్‌కి ఉంది. అందుకని బొమ్మను అన్నివైపులా టూల్‌లో సగం లావు ఉబ్బించి, అప్పుడు చూడమన్నాను. ఉబ్బిన బొమ్మలో ఏ సందు మూసుకుపోతే ఆ సందులో టూల్ పట్టదు. ఇలా వందల దిక్కుల నుంచి చూసి, ఏదో ఒక దిక్కున అందిన చోటల్లా పచ్చరంగు, ఎటునుంచీ అందని చోట ఎరుపు వేయాలి.

ఒక్క కార్డుకి ఇది చాలా పని. మా ఆఫీసులో మంచి కార్డులున్నవాళ్ళు పదిమంది. భోజనాల వేళ పదిమందీ కిందికి పోతారు. ఆ గంటలో పది కార్డులూ నావే. తిరిగి వచ్చినవాళ్ళు కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి, "ఏంటండీ ఇది, దోసె పెనంలా ఉంది?" అనేవారు.

"ఎండలు కదండీ" అనేవాణ్ణి. ఏసీ గది.

మొదటి రోజు జవాబు వచ్చింది. దాదాపు అంతా పచ్చన. ఎగిరి గంతేశాం. ఫలితాన్ని ప్రింటు తీసుకుని, ఫిల్మ్ నగర్ బస్తీ సందులో ఉన్న వర్క్‌షాపుకి వెళ్ళాం. అక్కడ యంత్రం నడిపేది ఒక మేస్త్రి. బోరబండ మనిషి. ముప్పై ఏళ్ళు సెట్లకి వడ్రంగం చేసి, కంప్యూటర్ యంత్రం వచ్చాక దాన్నీ తనే నేర్చుకున్నాడు. ఆయన యంత్రానికి టూల్ పైనుంచి కిందికే దిగుతుంది. వేరే దిక్కు కావాలంటే మొద్దునే వంచి, చెక్క మేకులు పెట్టి బిగించుకోవాలి.

ఆయన ప్రింటు చూశాడు. "మంచిగుంది సార్. ఎన్నిసార్లు తిప్పాలె మొద్దును?"

"నలభై మూడు."

"నలభై మూడుసార్లు తిప్పితే మొద్దు సంగతి తర్వాత, నాకు కండ్లు తిరుగుతయ్. ఆరు, ఏడు చెప్పుండ్రి."

యంత్రానికి హద్దులుంటాయని ఇంజినీరింగులో చెప్పారు. మేస్త్రికి కూడా ఉంటాయని చెప్పలేదు.

ప్రింటు అక్కడే గోడకి అంటించి వచ్చాను. అది పొరపాటు. మర్నాటికి రంగుల విభాగం కుర్రాళ్ళు ఇద్దరు దాన్ని చూసి, నమూనా కోసం ఉంచిన థర్మకోల్ యాళికి శ్రద్ధగా పచ్చరంగు కొట్టేశారు, గొంతులో ఎరుపు. సినిమావాళ్ళకి గోడమీద రంగుల బొమ్మ కనిపిస్తే అది ఆజ్ఞ. "ఎరుపు ఇంకొంచెం ముదురు కావాల్నా సార్?" అని నన్నే అడిగారు. ఇంకా ఘోరమేమిటంటే, అటుగా వెళ్ళిన డైరెక్టర్‌గారికి అది నచ్చింది. ఆయన్ని మళ్ళీ మామూలు టేకు రంగుకి తీసుకురావడానికి ఆర్ట్ డైరెక్టర్‌కి ఒక పూట, రెండు బిర్యానీలు పట్టాయి.

నేను దిక్కుల్ని ఏడుకి తగ్గించాను. ఏ ఏడు తీసుకుంటే ఎక్కువ పచ్చగా వస్తుందో కార్డుల చేతే వెతికించాను. మంగళవారం మధ్యాహ్నానికి యాళి జూలు, చెవులు, కోరలు, గుండు ముందుభాగం, పక్కభాగాలు అన్నీ పచ్చబడ్డాయి. గుండు వెనక మాత్రం, గొంతుకి ఆనుకున్న చోట, రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ. అది పోలేదు.

బుధవారం సన్నటి, పొడుగాటి టూల్ పెట్టి చూశాను. మచ్చ పావలా అంత అయింది. సంతోషంగా మేస్త్రికి ఫోన్ చేసి ఆ కొలతలు చెప్పాను.

"అంత సన్నగ, అంత పొడుగుంటే దాన్ని టూల్ అనరు సార్. అగర్‌బత్తి అంటరు."

ఇక మిగిలింది ఒకటే దారి, యాళి నోరు ఇంకాస్త తెరవడం. పక్క సీటులో అడిగాను. "నాలుగు మిల్లీమీటర్లు. ఎవరికీ తెలియదు."

ఆమె యాళి నోరు అంతే తెరిచి, తెర నా వైపు తిప్పింది. యాళి నవ్వుతోంది. జూబ్లీ హిల్స్‌లో మలుపు మలుపుకీ ఒక పళ్ళ ఆసుపత్రి బోర్డు ఉంటుంది చూడండి, అచ్చం ఆ నవ్వు.

"చెప్పండి గురూగారూ. రాజుగారి సింహాసనం పక్కన దీన్ని పెడదామా, అపాయింట్‌మెంట్ తీసుకుందామా?"

మూసెయ్యమన్నాను.

గురువారమంతా దిక్కులు మార్చి చూశాను. మచ్చ కదల్లేదు. చివర్లో నాకొక ఆలోచన వచ్చింది, చెప్పుకుంటే తప్పులేదు. ఎరుపుని పచ్చగా చూపించడానికి ప్రోగ్రాంలో ఒక్క లైను మారిస్తే చాలు. పదేళ్ళుగా బట్టతలల మీద జుట్టు మొలిపించినవాడికి ఒక మచ్చ ఎంత? కానీ పక్క సీటులో ఆమె యాళి కనుబొమ్మ దగ్గర ముడతని సరిచేస్తూ కూర్చుంది, అయ్యే పని అన్నట్టుగా. ఆ లైను జోలికి పోలేదు.

శుక్రవారం ఆర్ట్ డైరెక్టర్ మా స్టూడియోకి వచ్చాడు, మేస్త్రిని వెంటబెట్టుకుని. మేస్త్రి గ్రాఫిక్స్ స్టూడియోలోకి రావడం అదే మొదలు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, చల్లటి గచ్చు మీద ఉత్త కాళ్ళతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

నేను యాళిని తెర మీద తిప్పి, నోట్లోంచి లోపలికి తీసుకెళ్ళి మచ్చ చూపించాను. "మిగిలినదంతా అవుతుంది సార్. ఇది ఒక్కటి ఎటునుంచీ అందదు. ఇక్కడ గుండు గొంతుకి అతుక్కునే ఉంటుంది. తిరగదు."

ఆర్ట్ డైరెక్టర్ ఫోను చెవి మీంచి తీశాడు. అంటే విషయం గంభీరమన్నమాట. "పోన్లెండి, మీ ప్రయత్నం మీరు చేశారు. ఏమ్మా, అతికించేద్దాం మరి."

ఆమె తలూపింది. మౌస్ మీద వేలు మాత్రం ఊరికే చక్రాన్ని తిప్పుతోంది, తెర మీద యాళి దగ్గరికీ దూరానికీ పోయి వస్తోంది.

మేస్త్రి తెరకి దగ్గరగా వంగాడు. "జర ఆగుండ్రి. సార్, ఈ ఎర్రది తీస్తందుకేనా మీరు వారం నుంచి కొట్లాడుతున్నరు?"

"అవును."

"ఎందుకు తీస్తరు? అది ఉండాలె."

నేను కుర్చీ ఆయన వైపు తిప్పాను.

"గుండు అన్నిదిక్కుల విడిపోయిందనుకో, నడుమ టూల్ తగుల్తది, గుండు గిరగిర తిరిగి కోరల్ని పగలగొడ్తది. చెక్కినంతసేపు దాన్ని ఎవలో ఒకరు పట్టుకోవాలె గద? ఈ ఎర్రదే పట్టుకుంటది. మొత్తం అయినంక, ఈ పక్క పళ్ళ సందుల నుంచి ఆక్సా బ్లేడు పెట్టి నేను కోస్త. గుండు ఊడ్తది. ఊడినంక వేలుతోని తిప్పితే ఆ కోసిన జాగ ముంగటికొస్తది. ఉప్పుకాగితం పెట్టి రుద్దుత. అయిపాయె."

నా ప్రోగ్రాంలో యాళి ఉంది, గుండు ఉంది, టూల్ ఉంది, ఏడు దిక్కులున్నాయి. గుండు తిరుగుతుందన్న సంగతి ఒక్కటి లేదు. తిరగడం కోసమే దాన్ని చేస్తున్నామని వారంగా అందరం అనుకుంటున్నాం, తిరిగే గుండుకి వెనక అంటూ ఉండదని మాత్రం పది కార్డులకీ నాకూ తట్టలేదు.

"ఆ బ్లేడు పట్టే సందు ఉందా మేస్త్రీ?" ఆర్ట్ డైరెక్టర్ అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు వచ్చు. టూల్ తీసేసి దాని స్థానంలో రంపం బ్లేడంత పలచటి రేకుని పెట్టి చూడమన్నాను. కార్డు మచ్చ చుట్టూ రెండు వైపుల నుంచీ పచ్చగీత గీసింది. భోజనాల వేళ కాకపోయినా పక్కవాళ్ళ కార్డులు వాడాను. ఎవరో "అబ్బా" అన్నారు. ఎండలని చెప్పలేదు, ఈసారి పిలిచి చూపించాను.

"చేసెయ్యండయ్యా" అన్నాడు ఆర్ట్ డైరెక్టర్, ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుంటూ. మా అమ్మాయి కుర్చీలోంచి లేచి, మేస్త్రికి రెండు చేతులూ జోడించి, అది చాలదనిపించిందేమో, తన డ్రాయర్‌లో ఉన్న అరిసెల డబ్బా మొత్తం ఆయన చేతిలో పెట్టేసింది. ఆ డబ్బా మీద నాకు రెండు రోజులుగా కన్నుంది. ఆ మాట అప్పుడు బయటపెట్టడం సబబు కాదనిపించింది.

మొదటి కోతకి ముహూర్తం పెట్టారు. మా దగ్గర ముహూర్తం లేకుండా మేకు కూడా దిగదు. టూల్‌కి కుంకుమ బొట్టు, మొద్దుకి పసుపు. కొబ్బరికాయల పళ్ళెం మా అమ్మాయే పట్టుకుంది. ఎవరో అలవాటు కొద్దీ క్లాప్ బోర్డు తెచ్చి, మొద్దు ముందు పెట్టి కొట్టారు. యంత్రానికి క్లాప్ అర్థమైందో లేదో గానీ మొదలైంది.

నాలుగు రోజులు చెక్కింది. ఏడు సార్లు తిప్పారు. ప్రతి తిప్పుకీ మేస్త్రి నాకు ఫోన్ చేసి, "సార్, మీ కంప్యూటర్ చెప్పిన దిక్కు ఇదేనా, పడమరనా?" అని అడిగి నవ్వేవాడు. టేకు పొట్టు వాసన బట్టలకి పట్టి, ఆఫీసులో నా పక్కన కూర్చున్నవాళ్ళకి కొత్త ఫర్నిచర్ వచ్చిన భావన కలిగింది.

ఐదో రోజు బ్లేడుకి ఒక కొస గుడ్డ చుట్టుకుని, మేస్త్రి దాన్ని పళ్ళ సందులోకి దూర్చాడు. లాగాడు, తోశాడు. అరగంట. వర్క్‌షాపులో మిగతా పని ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. టీ తెచ్చినతను గ్లాసులు ఇవ్వడం మర్చిపోయి చూస్తున్నాడు. మా అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉందని నాకు తర్వాత మడతలు చూశాక తెలిసింది.

టక్.

గుండు వెంట్రుకవాసి కిందికి జారి, కింది కోరల మీద కూర్చుంది. మేస్త్రి బొటనవేలితో తోశాడు. దొర్లింది. వెనకాల ఉన్న కోత గరుగ్గా, గుండ్రంగా ముందుకొచ్చి నిలిచింది.

"బొడ్డు కోసినం మేడమ్. పుట్టింది."

అందరూ ఒక్కసారి అరిచారు. నేను కూడా అరిచానట. తర్వాత వరుస కట్టారు, వేలు పెట్టి తిప్పడానికి. వడ్రంగులు, రంగులవాళ్ళు, టీ అతను, పక్క షెడ్డులో లైట్లు బాగుచేసేవాళ్ళు. తిరుపతిలో కూడా అంత క్రమశిక్షణ చూడలేదు. ఆర్ట్ డైరెక్టర్ మూడుసార్లు వచ్చాడు వరుసలో, ప్రతిసారీ మొదటిసారి అన్నట్టే మొహం పెట్టి. ఉప్పుకాగితం పని అయ్యాక ఆమె తిప్పింది, అందరి కన్నా చివర. చెక్క మీద చెక్క దొర్లిన చప్పుడు, మెత్తగా, గొంతు సవరించుకున్నట్టు. ఆ చప్పుడు ఏ డబ్బింగులోనూ వేయలేరని ఆర్ట్ డైరెక్టరే అన్నాడు.

ఆమె అక్కడి నుంచే ఫోన్ చేసింది. "అమ్మా, ఆదివారం చర్చి అవగానే ఇటు వచ్చెయ్. లేదే, సినిమా కాదు. కదలదు, ఎక్కడికీ పోదు. ఎంతసేపైనా చూడొచ్చు."

యాళి సోమవారం సెట్‌కి వెళ్ళాలి. ఆదివారం పదకొండున్నరకి ఆవిడ ఆటో దిగింది. తెల్ల చీర, చంకలో బైబిలు సంచి. సెలవైనా అందరూ వచ్చారు, ఏదో పని ఉన్నట్టు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బల్లమీద యాళి ఉంది, నూనె పట్టించి, కిటికీ వెలుతురుకి ఎదురుగా. మా అమ్మాయి కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు.

"ఇది నువ్వు చేసిందేనా?"

"నేను చెక్కింది కంప్యూటర్‌లోనే అమ్మా. సారు లెక్క చూశారు. మేస్త్రిగారు చేశారు. నోట్లో వేలు పెట్టు. ఏమీ అనదు."

ఆవిడ సంచి కూతురికిచ్చి, కళ్ళజోడు సరిచేసుకుని, యాళి జూలు నిమిరింది. చెవి వెనక తడిమింది. ఏనుగు చెవి కోసం పదేళ్ళు వెతికిన మనిషి కదా, తీరిగ్గా తడిమింది. తర్వాత వేలు కోరల మధ్య పెట్టి గుండుని తోసింది. దొర్లింది. మళ్ళీ తోసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. బయటికి లాగి చూసింది, కోరలకి తగిలి ఆగింది. లోపలికి నెట్టి చూసింది, గొంతుకి తగిలి ఆగింది. చాలాసేపు అలా చూసింది. మా అమ్మాయి కళ్ళు తల్లి మొహం మీంచి కదల్లేదు.

ఆవిడ వేలు బయటికి తీసి, మా అందరినీ ఒకసారి, స్కూల్లో వరసగా నిలబెట్టిన పిల్లల్ని చూసినట్టు చూసింది.

"పాపం, నోటికి అంత అడ్డంగా ఉంది. ఇంతమంది ఉండి దాన్ని బయటికి తీయలేకపోయారా?"